నంజమ్మ వీధికి పడ్డ కుక్కకాట్లు

బెంగళూరు పక్కన హెబ్బగోడిలో నంజమ్మ వఠారంలో గది దొరకాలంటే అడ్వాన్సూ ఆధార్ కార్డూ ఉంటే సరిపోదు. మారెమ్మ ఒప్పుకోవాలి. నడవలో గోడకు మారెమ్మ పటం ఉంది. గది కోసం వచ్చినవాళ్ళను నంజమ్మ దాని ముందు నిలబెట్టి, రెండు చామంతిపూలు నీళ్ళలో తడిపి, పటానికి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి అంటిస్తుంది. కుడిది ముందు రాలితే మేడమీద గది. ఎడమది రాలితే కింద గది. రెండూ రాలకపోతే రాలేదాకా నిలబడాల్సిందే. జిగణి ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకు పోవాల్సిన ఒకడు అలా నిలబడీ నిలబడీ రెండో షిఫ్టుకు పోయాడు.

ఒంగోలు నుంచి వచ్చిన సుప్రియ చర్చికి పోయే పిల్ల. పటం ముందు నిలబడటానికి నసుగుతుంటే నంజమ్మ ధైర్యం చెప్పింది. "నువ్వేం మొక్కద్దమ్మా, సుమ్నె, ఊరికే నిలబడు. మొక్కేదంతా నేను చూసుకుంటా."

ఎడమపక్క పువ్వు రాలింది. కింద గది. దానికి కిటికీ లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు, పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. మేడమీదేమో రోడ్డువైపు కిటికీ ఉన్న గది ఖాళీగా ఉంది. సుప్రియకు ప్రాణం ఉసూరుమంది.

"ఆంటీ, ఫ్యాన్ గాలికి పడిందాంటీ అది! ప్లీజ్, ఇంకోసారి పెట్టండి."

"ఫ్యాను తిప్పేది ఎవురు?"

"కరెంటు."

"కరెంటును తిప్పేది ఎవురు? ఆయమ్మే! ఒకసారి అడిగినంక మళ్ళా అడిగేది లేదు. రెండోసారి అడిగితే ఆయమ్మ మాట మింద మనకు నమ్మకం లేదని అర్థం. పో, సామాను దించుకో."

ఇదీ నంజమ్మ న్యాయం. చెల్లెలి పెళ్ళి నుంచి బోరుబావి దాకా ఆవిడ ఇలాగే తేల్చింది. కుడిది రాలితే ఔను, ఎడమది రాలితే కాదు. బోరులో నీళ్ళు పడలేదు. అయినా రెండోసారి అడగలేదు. ఈనాటికీ ట్యాంకరు తెప్పించుకుంటుంది.

ఇక ఆ ఇంటి సంగతి. ఒకసారి చూసినవాడు మరిచిపోలేడు. కింద అంతస్తు చిలకపచ్చ, మీద అంతస్తు గులాబీ. గృహప్రవేశం ముందు రోజు పచ్చరంగు అయిపోయింది, కొట్లో గులాబీ ఒక్కటే మిగిలింది, ముహూర్తం ఆగదు కదా. మెయిన్ రోడ్డు మీద బస్సులో కూర్చున్నా కనిపిస్తుంది ఆ ఇల్లు. అందుకని ఆ చుట్టుపక్కల ఎవరు ఏ అడ్రసు చెప్పినా "నంజమ్మ బిల్డింగ్ దగ్గర" అనే చెబుతారు. స్టాన్లీ పంక్చరు కొట్టు ఎన్నో సందుల అవతల ఉంది, దాని బోర్డు మీదా ఇదే మాట. పెళ్ళి పత్రికల్లో ఇదే మాట. నంజమ్మకు ఇది చెప్పలేనంత గొప్ప. డెలివరీ కుర్రాళ్ళు ఫోనులో "బేకరీ దగ్గర" అంటూ వినబడితే బండి ఆపించి మరీ దిద్దేది. "బేకరీ అంటావేమప్పా? ఆ బేకరీకే గుర్తు నా బిల్డింగు!"

ఆ బిల్డింగుకు కాపలా మేజర్. మేజర్ అంటే కుక్క. నంజమ్మ భర్త వెంకటగిరియప్పకు మిలిటరీలో చేరాలని చచ్చేంత కోరిక. ఛాతీ చాలదని పంపించేశారు. చివరికి జిగణిలో గ్రానైటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. అక్కడ దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చి మేజర్ అని పేరు పెట్టాడు. ఒక మేజర్ని "రేయ్, ఇట్రారా" అని పిలవాలని ఆయనకు సరదా. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన గ్రానైటు ముక్కలు ఆడుకోవడానికి వేసేవాడు. మేజర్ వాటిని ఎముకలనుకుని కొరికీ కొరికీ పళ్ళన్నీ అరగదీసుకున్నాడు. మిగిలిన ఒకటో రెండో ముసలితనానికి ఊడిపోయాయి.

వెంకటగిరియప్ప గుండెపోటుతో పోయాడు. మేజర్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు ఇప్పటికీ లేచి, గేటు దాకా వెళ్ళి, కాసేపు రోడ్డు చూసి వచ్చి పడుకుంటాడు. నంజమ్మ కూడా ఆ వేళకు ఏదో పని కల్పించుకుని గేటు దగ్గరే ఉంటుంది. ఆ ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసే ప్రాణం ఇంకొకటుందని ఆవిడకు అదో ఆసరా. ఈ మాట ఆవిడ పైకి అనదు, అంటే ఏడుపొస్తుందని.

ఇలా ఉండగా ఒక పొద్దున నాగరాజ్ వచ్చాడు. వీధికుక్కల సంగతి చూసే ఆఫీసులో ఉద్యోగి. నంజమ్మ పుట్టింటి ఊరికి పక్క ఊరివాడు, అందుకని అక్కా అంటాడు. చేతిలో రంగు రంగుల మ్యాపు. అందులో నంజమ్మ వీధి ఒక్కటే ఎర్రగా మండిపోతోంది.

"అక్కా, మీ వీధిలో కుక్క శానామందిని కరిచిండాది."

"ఏ కుక్కప్పా?"

"మీ వీధిలో ఉండేది ఒకటే కదక్కా."

ఇద్దరూ మేజర్ వైపు చూశారు. మేజర్ అప్పుడే నానబెట్టిన ఇడ్లీ తిని, మూతికి పాలు అంటించుకుని గుర్రుపెడుతున్నాడు.

నంజమ్మకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "వీడా? వీడు మనుషుల్ని కరుస్తాడా? ఇడ్లీనే కరవలేడప్పా! పాలల్లో వేసి, పిసికి, నోట్లో పెట్టాల. చూడు, నువ్వే చూడు!" అని మేజర్ మూతి పట్టుకుని రెండు దవడలూ విడదీసింది. "ఒక్క పన్ను చూపించు నాకు!"

నాగరాజ్ చెంగున గేటు అవతలికి దూకాడు. కుక్కలశాఖలో ఉన్నాడే గాని వాడికి కుక్కలంటే చచ్చేంత భయం. "మూయక్కా, మూయి! నాకేమీ చూపద్దు. మ్యాపులో ఉండాది కదా. కుందలహళ్ళి నుంచి వచ్చిండాది, కంప్యూటర్ వేసిన మ్యాపు. సోమవారం బండి వస్తుంది. పట్టుకొనిపోయి బోనులో పెట్టి చూస్తారు. బాగుంటే మళ్ళా తెచ్చి వదుల్తారు."

బాగుంటే! ఈ వయసులో వాడికి ఆ బోనులో ఇడ్లీ పిసికి పెట్టేదెవరు? వెళితే తిరిగి రాడని నంజమ్మకు తెలిసిపోయింది. పటం దగ్గరికి పరిగెత్తింది, చామంతులు తడిపింది, చెయ్యి ఎత్తింది. అంతలో ఆగిపోయింది. ఎడమది రాలితే? మళ్ళీ అడగడానికి లేదు కదా. పూలు కొంగుకు తుడిచి గిన్నెలో వేసేసింది. జీవితంలో మొదటిసారి ఆవిడ మారెమ్మను అడగలేదు.

అప్పుడు చెవిలో ఒక మాట మోగింది. కుందలహళ్ళి. కంప్యూటర్. మ్యాపు.

సుప్రియ మెట్ల మీద కూర్చుని పనిచేసుకుంటోంది. కింద గదిలో సిగ్నల్ రాదు గనక ఆ పిల్ల ఆఫీసు ఆ మెట్లే. జబ్బులూ ప్రమాదాలూ ఎక్కడెక్కడ జరుగుతున్నాయో మ్యాపుల మీద పెట్టే కుందలహళ్ళి సంస్థలో ఉద్యోగం. నంజమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"సుప్రియమ్మా, కుక్కకాట్ల మ్యాపు వేసింది నువ్వేనా?"

సుప్రియ మొహం మాడిపోయింది. "నేను వేయలేదాంటీ, సాఫ్ట్‌వేర్ వేసింది. నేను రన్ చేశానంతే."

"ఎవురిని ఎప్పుడు కరిచింది మా మేజరు?"

"అసలు కరవలేదాంటీ. వినండి. హాస్పిటల్‌కి వచ్చినవాళ్ళని కుక్క ఎక్కడ కరిచిందీ అనడుగుతారు. ఎవరూ వీధి పేరు చెప్పరు. అందరూ 'నంజమ్మ బిల్డింగ్ దగ్గర' అంటారు. దగ్గర అంటే ఎక్కడ? ఈ చుట్టూ బోలెడు వీధులున్నాయి. కేసులన్నీ మీ ఇంటి మీద పెడితే తప్పు. అసలు పెట్టకపోతే లెక్క తగ్గిపోతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ ఒక్కో కేసుకీ లాటరీ తీసి, దగ్గరలో ఉన్న వీధుల్లో ఏదో ఒకదానికి ఇచ్చేస్తుంది. ఎక్కువ కేసులు పడ్డ వీధి ఎర్రగా అవుతుంది. ఊరు మొత్తం మీద చూస్తే అది సరిపోతుందాంటీ. ఒక్క వీధిని పట్టుకుని చూడకూడదు. ఆ సంగతి మ్యాపు కింద రాశాం కూడా."

"యాడ?"

సుప్రియ మ్యాపు అడుగున వేలు పెట్టింది. చీమలు పాకినట్టు ఏదో ఉంది. నంజమ్మ కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. "ఇంత సన్నంగా రాస్తే నాగరాజుకు ఏం కనిపిస్తాదే తల్లీ!"

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అంటే ఏమిటి? ఊళ్ళో ఎక్కడెక్కడి కుక్కలో కరిస్తే, కరిపించుకున్నవాళ్ళు వచ్చి తన పేరు చెప్పి, ఆ పేరు మీద లాటరీ వేసి, ఆ లాటరీలో తన మేజర్‌ను దొంగను చేశారన్నమాట.

"మళ్ళా తియ్యి లాటరీ."

సుప్రియ ఏదో నొక్కింది. తెర మీద చుక్కలు చెదిరి కొత్తగా సర్దుకున్నాయి. ఈసారి నంజమ్మ వీధి తెల్లగా ఉంది. ఎరుపు వెళ్ళి రాళ్ళగుంత వీధిలో పడింది. పేరుకే అది వీధి, ఉన్నది రాళ్ళు తవ్విన గుంతే. అక్కడ కరవడానికి కుక్కా లేదు, కరిపించుకోవడానికి మనిషీ లేడు. సుప్రియ ఇంకోసారి నొక్కింది. ఈసారి ఎరుపు బేకరీ వీధిలో పడింది.

"ఇదే!" నంజమ్మ చప్పట్లు కొట్టింది. "ఇదే నిజం! ఆ బేకరీ ముందు కుక్కలు గుంపులు గుంపులుగా ఉండాయి. దీన్నే పంపించు."

"కుదరదాంటీ. మొదటిది ప్రింట్ అయి వెళ్ళిపోయింది. అయినా మనకి నచ్చింది వచ్చేదాకా తీస్తూ పోతే అది లాటరీ అవుతుందా?" సుప్రియ తల వంచుకుని, నెమ్మదిగా, తేనె పూసినట్టు అంది. "ఒకసారి అడిగాక మళ్ళీ అడిగేది లేదని మీరే కదా చెప్పారు, గది ఇచ్చేటప్పుడు."

నంజమ్మ కళ్ళజోడు తీసేసి, "ఆయమ్మ వేరే, నీ డబ్బా వేరే" అంది గాని, ఆ మాటలో బలం లేదని ఆవిడకే తెలిసింది.

సుప్రియ మంచిపిల్లే. మ్యాపును వీధివీధికీ పట్టుకుని చూడొద్దంటూ నాగరాజ్ ఆఫీసుకు మెయిల్ పెట్టింది. "మీ మెయిల్ అందింది" అని జవాబు వచ్చింది. అంతే.

నంజమ్మ ఊరుకునే మనిషా? మర్నాడు పొద్దున్నే బయల్దేరి, ఎన్నేళ్ళుగానో తాను పెంచి పోషించిన పేరును తన చేతులతో తానే పీకేసింది. ఆటోవాళ్ళకు చెప్పింది, డెలివరీ కుర్రాళ్ళకు చెప్పింది, టీ బంకులో చెప్పింది. "ఇంక నా బిల్డింగ్ పేరు చెప్పొద్దండప్పా. స్టాన్లీ పంక్చరు కొట్టు దగ్గర అనండి." స్టాన్లీ బోర్డు మీద తన పేరు ఉన్న చోట దగ్గరుండి సున్నం కొట్టించింది. సాయంత్రానికి ఒక పార్సిలు కుర్రాడు సరిగ్గా ఆవిడ గుమ్మం ముందు బండి ఆపి, "అమ్మా, స్టాన్లీ పంక్చర్ దగ్గర చిలకపచ్చ బిల్డింగ్ ఇదేనా?" అన్నాడు. ఆవిడ "ఊఁ" అని లోపలికి పోయి, కడుపు మంట చల్లారడానికి చెంబెడు మజ్జిగ తాగింది.

సోమవారం రానే వచ్చింది. నంజమ్మ మేజర్‌కు తలంటి, నుదుట బొట్టు పెట్టి, మెళ్ళో చామంతిదండ వేసి గేటు దగ్గర కూర్చోబెట్టింది. ఏడుస్తూనే ఉంది, ఏడుస్తూనే వాడికి ఇడ్లీ పెడుతూ ఉంది. బండి ఆగింది. వల పట్టేవాళ్ళిద్దరూ టీ తాగి వస్తామని బంకు దగ్గర దిగిపోయారట. నాగరాజ్ ఒక్కడే మ్యాపు గుండెలకు అదుముకుని దిగాడు.

"అక్కా, ఏడవద్దక్కా. నాకేం సంతోషమా? మ్యాపు అట్ల వచ్చిండాది."

"మ్యాపు కాదురా, అది లాటరీ! సుప్రియమ్మను అడుగు!"

"లాటరీ అయితే మాత్రం గౌర్మెంటుది కదక్కా" అంటూ నాగరాజ్ మేజర్‌కు వీలైనంత ఎడంగా ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు. వెనక ఇడ్లీ గిన్నె ఉందని చూసుకోలేదు. కాలు నేరుగా అందులో పడింది.

మేజర్ కళ్ళు తెరిచాడు. తన ఇడ్లీలో ఎవరిదో కాలు. కాలు మీద పిక్క. ఎన్నేళ్ళ తర్వాతో వాడికి పౌరుషం వచ్చింది. లేచి, నోరు బారెడు తెరిచి, నాగరాజ్ పిక్కను గప్పున పట్టుకున్నాడు.

"అయ్యయ్యో! సచ్చినాన్రో! కరిచేసె, కరిచేసె!" నాగరాజ్ అరుపులకు మేడమీద బట్టలు ఆరేస్తున్నవాళ్ళు బకెట్లు వదిలేసి పిట్టగోడకు వచ్చారు. మేజర్ వదల్లేదు. నములుతున్నాడు. దండతో, బొట్టుతో, చాలా శ్రద్ధగా నములుతున్నాడు. నంజమ్మ వాడి చెవులు పట్టుకుని లాగితే "తప్" మని ఊడి వచ్చాడు.

నాగరాజ్ నేల మీద చతికిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, ప్యాంటు పైకి లాగాడు. "రక్తం వస్తా ఉండాదా అక్కా?"

నంజమ్మ వంగి చూసింది. "ఎంగిలి వస్తా ఉండాది."

నాగరాజ్ ఒక కన్ను తెరిచాడు. పిక్క నున్నగా ఉంది, తడిగా ఉంది, కాస్త ఇడ్లీ అంటుకుని ఉంది. గీత కూడా పడలేదు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"ఏమీ కాలేదే!"

"నేను చెప్తా ఉండేది అదే కదరా! వీనికి పన్నే లేదని! ఇప్పుడు నమ్మితివా? ఇంకా కావాలంటే ఆ కాలు కూడా పెట్టు."

నాగరాజ్ ఆ కాలు పెట్టలేదు. లేచి, దుమ్ము దులుపుకుని, మేజర్‌కు దూరంనుంచే ఒక దండం పెట్టాడు. "పండ్లు లేని కుక్క అని రాసుకొని పోతానక్కా. కానీ ఒక మాట. మా పెద్దసారు నేను రాసేది చదవడు, మ్యాపు ఒకటే చూస్తాడు. ఎరుపైన వీధిలో పైనెల ఒక్క చుక్క పడినా వేరే బండిని పంపుతాడు. అప్పుడు నా చేతిలో లేదు. ఇంకొకటక్కా. ఇక్కడ జరిగింది ఎవురికీ చెప్పొద్దు. కుక్కలశాఖవాణ్ణే కుక్క పట్టుకుందంటే ఆఫీసులో తలెత్తుకోలేను."

నంజమ్మ ఆనందంలో వాడికి పొట్లం నిండా ఇడ్లీలు కట్టిచ్చింది. వాడు మొహమాటపడుతూనే తీసుకున్నాడు.

నెల తిరిగింది. ఆ నెలంతా నంజమ్మ కాపలా కాసింది. ఎవరి నోట తన పేరు వినిపించినా "స్టాన్లీ, స్టాన్లీ" అని దిద్దింది. మ్యాపు వేసే రోజు మెట్ల మీద సుప్రియ పక్కనే వక్కాకు నములుతూ కూర్చుంది. మేజర్ ఇద్దరి కాళ్ళ మధ్యా పడుకున్నాడు.

"మీరు గ్రేట్ ఆంటీ. ఈసారి అందరూ స్టాన్లీ పంక్చర్ దగ్గరే అన్నారు" అంది సుప్రియ, తెర మీద కిందికి జరుపుతూ. అంతలో ఆగింది. "ఒక్కటి తప్ప. ఒక్క కేసు ఉంది 'నంజమ్మ బిల్డింగ్ దగ్గర' అని."

"ఎవుడు వాడు!"

"పేర్లుండవాంటీ. మగమనిషి. పిక్క. గాయం లేదు. తడి మాత్రం ఉంది. వద్దన్నా బతిమాలి సూది వేయించుకున్నాడు, అని నర్సు రాసింది."

నంజమ్మ నోట్లో వక్కాకు అలాగే ఉండిపోయింది. "నాగరాజు! ఇంటి ముంగట నిలబడి కరిపించుకొని, దగ్గర అని చెప్పిండాడు చూడు, దొంగనాయాలు! మేజరు పట్టుకున్నాడని చెప్పేకి సిగ్గు వాడికి!"

"ఇప్పుడు ఇది లాటరీకి పోతుంది" అంది సుప్రియ. "చుట్టూ చాలా వీధులున్నాయాంటీ. మన దానికే పడాలనేం లేదు."

నంజమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. సుప్రియ కూడా లోపల్లోపల ఒక చిన్న ప్రార్థన చేసుకుని నొక్కింది.

చుక్క పడింది. నంజమ్మ వీధిలో పడింది. అటూ ఇటూ కాదు, గేటు ముందు, సరిగ్గా ఇడ్లీ గిన్నె ఉండే చోట పడింది. ఇన్ని నెలలుగా లాటరీలు తీస్తున్న ఆ సాఫ్ట్‌వేర్ మొదటిసారి నిజం చెప్పింది.

కాళ్ళ దగ్గర మేజర్ నిద్రలోనే తోక ఒకసారి ఆడించాడు. షిఫ్టు వదిలే వేళవుతోంది, ఇంకాసేపట్లో లేచి గేటు దగ్గరికి పోతాడు.

"మళ్ళా అడుగు" అంది నంజమ్మ.

"రెండోసారి అడగకూడదు కదాంటీ."

నంజమ్మ కొంగుముడి విప్పింది. తాళాల గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి ల్యాప్‌టాప్ మీద పెట్టింది. రోడ్డువైపు కిటికీ ఉన్న గదిది. సుప్రియ తాళంచెవి వైపు చూసింది, మేజర్ వైపు చూసింది, తాళంచెవి జేబులో వేసుకుంది, నొక్కింది. చుక్క లేచి ఎగిరి, కుక్కలబండ్లు వరసగా నిలబెట్టే నాగరాజ్ ఆఫీసు వీధిలో వాలింది.

"పంపించు, పంపించు! మళ్ళా కదలకముందే పంపించు!"

మ్యాపు వెళ్ళిపోయింది. సుప్రియ తన సామాను మేడమీదికి చేరవేయడం మొదలుపెట్టింది. నంజమ్మ మొహం కడుక్కుని మారెమ్మ పటం ముందు నిలబడింది. ఇప్పుడిక భయం దేనికి? తడిపిన చామంతులు రెండు పక్కలా అంటించి, దండం పెట్టుకుని, నెల రోజులుగా అడగలేకపోయిన ప్రశ్న అడిగేసింది. "తల్లీ, మేజరు నా దగ్గరే ఉంటాడు కదా?"

ఎడమపక్క పువ్వు టప్పున రాలింది.

నంజమ్మ కింద పడిన పువ్వును చూసింది. వెనక్కి తిరిగి చూసింది. పరుపు భుజాన వేసుకున్న సుప్రియ గుమ్మంలో ఆగిపోయి అంతా చూస్తోంది. నంజమ్మ వంగి, పువ్వు తీసి, మళ్ళీ నీళ్ళలో ముంచి, ఎక్కడిదక్కడ గట్టిగా అదిమి అంటించింది.

"అట్ల చూస్తావేమే? ఆ ఫ్యాను ఆపు. గాలికి పడిండాది, ఇది లెక్కలేదు."